ముగ్గుపిండి గీత

“పంచె యాడ పెట్టినావు?”

శ్రీనివాసులు బీరువా తలుపు తెరవడం అది మూడోసారి.

“ఇస్త్రీ చేస్తాండాను” అంది మాధవీలత.

చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. కింద పంచె పరిచి ఉంది. ప్లగ్గు పెట్టలేదన్న సంగతి నాలుగు మడతలు రుద్దాక గానీ ఆమెకు తెలియలేదు.

“నలిగితే నలగనీలే. పెండ్లికా పోయేది? కాణిపాకంలో ప్రమాణానికి. దేవునికి తెల్లగుంటే సాలు.” అతను కూనిరాగం తీస్తూ దువ్వెన అందుకున్నాడు. “పదికంతా జీపు వస్తాదంట. తలకు పోసుకోని రడీగా ఉండమని కబురు పంపించినారు పక్కింటాయన.”

పక్కింటాయన అంటే తోడబుట్టిన అన్న, ఆదినారాయణ. నడుమ ఒక గోడ. పొలంలో ఇద్దరికీ కలిపి ఒకే బోరు, దినం విడిచి దినం వంతు. నీళ్ళు ఎవరి పొలానికి పోవాలో తిప్పడానికి ఒక ఇనుప వాల్వు. జనవరిలో ఆ వంతు దగ్గర మాట తేడా వచ్చింది. అంతకుముందు ‘రేయ్ సీనా’, ‘ఒరే అన్నా’ అని గోడ మీదుగా కేకలు వేసుకున్నవాళ్ళు ఆనాటినుంచి ఒకరినొకరు ‘ఆయన’, ‘వారు’ అనుకుంటున్నారు. ఆ ఇంటివాళ్ళకు కోపం ముదిరేకొద్దీ మర్యాద పెరుగుతుంది. పదహారేళ్ళ కాపురంలో మాధవీలత గమనించిన సంగతుల్లో అదొకటి.

ఎనిమిది నెలల్లో భర్త కూనిరాగం తీయడం ఆమె వినలేదు. నిన్న సాయంత్రం మదనపల్లెలో బడినిండా జనం చూస్తుండగా అన్న అతన్ని నీళ్ళ దొంగ అన్నాడు. ప్రమాణానికి రమ్మన్నాడు. అప్పటినుంచీ ఈ మనిషికి ఇంత హుషారు. చెయ్యని తప్పు కాబట్టి.

ఆ హుషారు చూడలేక ఆమె ప్లగ్గు పెట్టి, తల ఎత్తకుండా రుద్దసాగింది.

వసంతమ్మ పెరటివాకిలి నుంచి వచ్చింది. ఆమెకు ఒకపూట పెద్దకొడుకు ఇంట్లో కూడు, ఒకపూట చిన్నకొడుకు ఇంట్లో. కూటితోపాటు మాటలు మోయడం కూడా ఆమె పనే అయింది.

“ఆదెప్ప ఒక మాట సెప్పమన్న్యాడు సీనా. ఊరికే ‘నేను ముట్టుకోలేదు’ అంటే కుదరదంట. ‘నేను గానీ, నా ఇంటి మనిషి గానీ ఆ వాల్వు ముట్టుకోలేదు’ అని నిండుగా అనల్లంట.”

“అంటానని సెప్పు. నూరుసార్లు అంటా. నా ఇంట్లో ఎవురుండారని? నేను, ఈమె, పాప. నువ్వా, సగం ఈడ, సగం ఆడ.”

“బాగుండాది. నన్ను గూడా పంచుకోండి” అంది ముసలామె. నవ్వలేదు.

ఇస్త్రీపెట్టె ఇప్పుడు నిజంగా కాలింది. పంచె అంచు మీద చిన్న గోధుమరంగు మచ్చ పడింది. మాధవీలత దాన్ని లోపలి మడతలోకి తిప్పేసింది.

“ఇంగొకటి” అన్నాడు శ్రీనివాసులు, వాకిట్లోకి వినపడేట్టు. “ఈ ప్రమాణం అయినాక సోమవారం మదనపల్లెకు పోయి టీసీ తీసుకోనొస్తా. పుంగనూరులో బళ్ళు లేవా? కన్నతండ్రిని స్టేజీ ఎక్కి దొంగ అనమని ఏ బళ్ళో అయినా నేర్పిస్తారా?”

వాకిట్లో మెట్టు మీద కూర్చున్న నీరజ తల తిప్పలేదు. ఎనిమిదో తరగతి. ఒళ్ళో ఒక గళ్ళ అట్ట నోటుబుక్కు. నిన్న సాయంత్రం నుంచి ఆ పిల్ల నోరు తెరిచింది నీళ్ళు తాగడానికే.

*

నిన్నటి సంగతి తలుచుకోకుండా ఉండడం మాధవీలతకు చేతకావడం లేదు.

బడిలో తల్లిదండ్రుల దినం. పాటలయ్యాయి, కోలాటం అయింది. ఆ తర్వాత షైనీ టీచరు పిల్లలు. జూన్‌లో కుప్పం నుంచి వచ్చి చేరిన పిల్ల ఈ షైనీ. వచ్చిన వారానికే తరగతిలో ఇద్దరు మగపిల్లలు కొట్టుకుని ఒకడికి పన్ను ఊడింది. షైనీ బెత్తం తియ్యలేదు, హెడ్‌మాస్టరు దగ్గరికి పంపలేదు. నాలుగువందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నాటకాల భాష తెచ్చి పిల్లల ముందు పెట్టింది. ఇకమీదట ఎవరికి కోపం వచ్చినా ఈ భాషలోనే తిట్టుకోవాలంది.

నేల మీద సుద్దముక్కతో ఒక గీత. గీతకు అటొకరు, ఇటొకరు, అయిదేసి అడుగుల దూరంలో. ఇంట్లో విన్న తిట్టు ఒక్కటి కూడా వాడకూడదు. కొత్తది కట్టి నోటుబుక్కులో రాసుకోవాలి. కోపం ఉన్నవాళ్ళు ఆ పాతభాషలో చివరిదాకా చెప్పాలి. విన్నవాళ్ళు బదులు చెప్పే ముందు, తాము విన్నదాన్ని ఇంటిభాషలో తిరిగి చెప్పాలి. తప్పు చెబితే మళ్ళీ మొదటికి. అన్నిటికన్నా కష్టమైనది చివర్న: ఎవరి మీద కోపమో వాళ్ళ వేషమే కట్టి, వాళ్ళ తరఫున కోప్పడాలి.

మొదట్లో ఇల్లంతా నవ్వులాటగానే ఉండేది. నీరజ విజిల్ వేయని కుక్కర్‌ను పాత ఇంగ్లీషులో శపించేది. కోడిపుంజును ‘తెల్లవారుజామును ముక్కలుగా కోసేవాడా’ అనేది. వసంతమ్మకు అర్థం చెప్పమంటే చెప్పేది, ముసలామె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. మాధవీలత బీఏలో ఆ భాష పరీక్షకోసం బట్టీపట్టింది. కూతురి నోట వింటుంటే అది బతికున్న మనుషులు మాట్లాడిన భాష అని మొదటిసారి అనిపించింది.

నిన్న వేదిక మీద గీతకు అటు నీరజ, ఇటు శాలిని. శాలిని ఆదినారాయణ కూతురు, అదే తరగతి. ఎవరిల్లో చెప్పకుండా ‘ఇద్దరు అన్నదమ్ముల పోట్లాట’ అని ప్రకటించారు. నీరజ అన్న వేషం. శాలిని తమ్ముడి వేషం. అంటే ఒకరి తండ్రి వేషం ఒకరు కట్టారు.

నీరజ ముందుకొచ్చింది. పాత ఇంగ్లీషులో గొంతెత్తింది. హాలులో మూడొంతులమందికి అది పాటో తిట్టో తెలియలేదు. మాధవీలతకు మాత్రం ప్రతి మాటా తెలిసింది.

‘నా జలమును హరించిన అనుజుడా! నడినెత్తి సూర్యుడు చూచుచుండగా వచ్చితివి. ఇనుము కాలునని వెరచి ఎర్రని గళ్ళవస్త్రము చీల్చి చక్రమునకు చుట్టితివి. నీ అరచేతికున్న భయము నీ మనసునకు లేకపోయెనే!’

మాధవీలత కూర్చున్న కుర్చీ కిందినుంచి ఎవరో లాగినట్టయింది. అయినా ఒక ధైర్యం. ఎవరికీ అర్థం కాలేదు. నీరజ ధైర్యం కూడా అదే అయివుంటుంది.

బదులు చెప్పే ముందు విన్నదాన్ని తిరిగి చెప్పాలన్నది నియమం. శాలిని మంచి పిల్ల, నియమం తప్పదు. గట్టిగా, స్పష్టంగా, ఇంటిభాషలో చెప్పింది.

“అంటే నేను మిట్టమధ్యాన్నం వచ్చి, ఎర్రగళ్ళ తువ్వాల చించి గేటు వాల్వుకు సుట్టుకోని, నీ వంతు నీళ్ళు నా పొలానికి తిప్పుకున్నానంటావు. అంతేనా?”

నాలుగో వరసలో ఆదినారాయణ లేచి నిలబడ్డాడు.

“ఆ గుడ్డ సంగతి నీకెట్ల తెలుసు పాపా?” నీరజ వైపు వేలు చూపించి అడిగాడు.

ఏప్రిల్‌లో అతని వంతు రోజుల్లో మధ్యాహ్నం పూట నీళ్ళు సన్నబడ్డాయి. పూతకొచ్చిన టమోటా తోట వాడింది. ఒకనాడు వాల్వు చక్రానికి చిక్కుకుని ఒక తువ్వాల చీలిక దొరికితే, తీసి మోటారు డబ్బాలో దాచిపెట్టాడు. భార్యకు కూడా చెప్పలేదు. ఆమె కలికిరిలో పుట్టింటికి పోయి ఇప్పటికి పదిరోజులైంది. అంతకుముందూ చెప్పలేదు.

నీరజ తల దించుకుంది. అదే అందరికీ జవాబయింది. అలాంటి ఎర్రగళ్ళ తువ్వాలే శ్రీనివాసులు భుజం మీద ఉంది.

*

తొమ్మిదికి ముందే షైనీ టీచరు వచ్చింది. మదనపల్లె నుంచి మొదటి బస్సుకు దిగి, దారి అడుగుతూ ఇల్లు పట్టుకుంది. రెండో శనివారం, బడి సెలవు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు.

“కూర్చోండి టీచరమ్మా” అన్నాడు శ్రీనివాసులు. కుర్చీ వేశాడు. తను నిలబడే ఉన్నాడు. “మీరు రాకున్నా సోమవారం నేనే వద్దామనుకుంటి. టీసీకి.”

“అందుకే వచ్చినాను సార్. వచ్చే శుక్రవారం కుప్పంలో పిల్లల సభ ఉండాది. నీరజ, శాలిని లేకపోతే మా నాటకమే లేదు.”

“నిన్న ఆడినారు గదా నాటకం. సాల్లేదా?”

షైనీ తల దించుకోలేదు. కవరులోంచి మడతలు మడతలుగా కుట్టిన, గంజి పెట్టిన రెండు తెల్లటి గుడ్డచక్రాలు తీసి బల్ల మీద పెట్టింది.

శ్రీనివాసులు ఒకదాన్ని వేలితో తిప్పి చూశాడు. “ఇదేంది? పుండు నాకకుండా కుక్క మెడకు కడతారే, అదా?”

“రాజులు మెడకు కట్టుకునేది సార్. మా నాయన కుట్టినాడు. బర్నబాసు అని, కుప్పంలో ఆస్పత్రి టైలరు. రిటైరైనాడు. మంచం గుడ్డలు మిగిలింటే కుట్టి పంపించినాడు.”

నవ్వు రాబోయి ఆగింది అతని మొహంలో.

“సూడండి టీచరమ్మా. మీరు బాగా సదువుకున్నోళ్ళు. ఒక మాట అడుగుతా. బిడ్డల్ని మేము బడికి పంపించేది తిట్లు నేర్సుకునేదానికా?”

“తిట్లు వచ్చేటప్పుడే నోటినిండా తెచ్చుకున్న్యారు సార్. ఇండ్లల్లో నేర్చుకున్నవే. అవి నేను చెప్పకూడదు, మీరు వినకూడదు.”

“మా ఇంట్లో అట్లాంటివి లేవు.”

“లేవు. మీ ఇంట్లో తిట్లు లేవు” అంది షైనీ నెమ్మదిగా. “నీరజ మొదటివారం ఏమీ రాయలేదు. ఎందుకని అడిగితే, ‘మా ఇంట్లో ఎవురూ కోప్పడరు మిస్, మాట్లాడుకోరు అంతే’ అనె. మీ అన్నతో మీరు కడసారి మాట్లాడింది ఎప్పుడు సార్?”

“అది మీకు అనవసరం.”

“జనవరిలో. నీరజే సెప్పె. ఎనిమిది నెలలు. ఆయన తరఫున ఒక్క మాట మీరు వినలేదు, మీ తరఫున ఒక్క మాట ఆయన వినలేదు. పిల్లలు పదినిమిషాల్లో చెప్పుకోని, విని, దిగినాక ఒకరి నీళ్ళసీసా ఒకరు తాగినారు.”

“వాళ్ళు నీళ్ళసీసా తాగినారు. మేము జీపెక్కి కాణిపాకం పోతాండాము” అన్నాడు శ్రీనివాసులు. గొంతు లేవలేదు, మర్యాద మాత్రం ఇంకొంచెం చిక్కబడింది. “మీరు కాఫీ తాగి బయలుదేరండి. తమరికి శ్రమ.”

అతను స్నానానికి పోయాడు. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. కూనిరాగం వినిపించలేదు.

షైనీ మాధవీలత వైపు చూసింది. “అక్కా, మీరన్నా చెప్పండి. ఆ పిల్ల రాసింది తన తండ్రి మీద కోపంతో కాదు. నేను నోటుబుక్కు చదివినాను. ఏదో ఉండాది. నేను అడగలేదు. అడక్కూడదు అనేది గూడా మా నియమమే.”

“కాఫీ తెస్తా” అంది మాధవీలత.

*

నీరజ మెట్టు మీదినుంచి లేచి పెరట్లో జామచెట్టు దగ్గరికి వెళ్ళింది. మాధవీలత కాఫీ పొయ్యి మీద వదిలేసి వెనకాలే పోయింది.

“ఎందుకు రాసినావు అట్ల?” గుసగుసగా అడిగింది. “మీ నాయన మొహం ఎట్లుండాదో సూస్తివా?”

“నేను నాన్న మీద రాయలేదు.”

రాత్రంతా మాట్లాడని గొంతు బొంగురుగా ఉంది.

“నువ్వే అని నాకు తెలుసు.”

మాధవీలత చెయ్యి జామకొమ్మను పట్టుకుంది.

“ఏప్రిల్‌లో ఒంటిపూట బడి గదా. పన్నెండున్నరకు బస్సు దిగి పొలం దోవన వస్తాంటి. నువ్వు వంగోని వాల్వు తిప్పుతాంటివి. తువ్వాల సుట్టుకోని. పిలుద్దామనుకుంటి. నువ్వు నాలుగు పక్కలా సూస్తివి. నేను మడవగట్టు కింద కూర్చుండిపోతి. నువ్వు అట్ల సూసేది నేనెప్పుడూ సూడలేదు.”

“మన తోట పూత రాలిపోతా ఉండె పాపా. ఆయన వంతే ఆ దినం. మనకు మర్నాడు. అంతసేపు నిలవవు ఆ చెట్లు. మూడు దినాలే, అదీ అరగంట...”

“అడిగుండచ్చు గదా.”

“ఎవుర్ని అడగల్ల? ఈ రెండిండ్లలో నోరిప్పి అడిగే దోవ యాడుండాది?”

“అదే నేను గూడా అనుకుంటి” అంది నీరజ. “తిప్పినందుకు గాదు నాకు కోపం. పెదనాయన నాన్నని దొంగ అన్నె. పొలం కాడ అన్నె, పాలకేంద్రం కాడ అన్నె. నాన్న రోజూ ఇంటికొచ్చి, నేను ముట్టలేదు మాధవీ, నువ్వన్నా నమ్ము అని అడిగె. నువ్వు నమ్మినానంటివి. అంటా అన్నం వడ్డిస్తివి. అయిదు నెల్లు.”

జామాకులమీంచి ఒక చీమ మాధవీలత మణికట్టు మీదికి ఎక్కింది. ఆమె దులుపుకోలేదు.

“నోటుబుక్కులో తమ్ముడు అని రాసిన చోటంతా నువ్వేనమ్మా. ఆ భాషలో అయితే నీకొక్కదానికే అర్థమవుతాది, ఇంటికొచ్చి నువ్వే ఏమన్నా అంటావు అనుకుంటి. శాలిని తిరిగి చెప్తాదని తెలుసు. అంత బాగా చెప్తాదనుకోలేదు.”

ఏడుస్తుందేమో అనుకుంది మాధవీలత. ఆ పిల్ల ఏడవలేదు. అయిదడుగుల దూరంలో నిలబడి, చెప్పాల్సింది చెప్పి, తల్లి తిరిగి చెప్పడానికి కాచుకుని ఉంది.

మాధవీలత వంటింటి వైపు తిరిగింది.

లోపల కాఫీ పొంగి పొయ్యి ఆరిన వాసన వచ్చింది.

*

వంటింట్లో వసంతమ్మ సంగటి గెలుకుతోంది. ప్రమాణం అయ్యేదాకా అన్నదమ్ములిద్దరూ ఏమీ తినరు. తతిమ్మావాళ్ళ కడుపులు ఊరుకుంటాయా అని ఆమె రాగిపిండి పోసేసింది.

“కాపీ పొంగిపాయ” అంది. “దించినాలే. టీచరమ్మకి ఇచ్చినా.”

మాధవీలత గోడకు ఆనుకుని నిలబడింది. చెప్పాలి. స్నానం అయ్యేలోపు చెప్పాలి. తెలియక ఆ మనిషి దేవుడిముందు నిలబడి ‘నా ఇంటి మనిషి ముట్టుకోలేదు’ అంటాడు. కాణిపాకంలో అబద్ధమాడి బాగుపడినవాడు లేడని ఈ పక్క చిన్నపిల్లలు కూడా నమ్ముతారు. తను చదువుకున్నది, అంత నమ్మదు. అయినా భర్త నోటితో తన అబద్ధం పలికించి, ఆ నోటికే రేపు ఎలా అన్నం పెట్టాలి?

చెబితే? దొంగ అన్న పేరు తనకు రావడం ఒక ఎత్తు. అయిదు నెలలు పక్కన కూర్చుని నమ్మానన్నందుకు అతను ఏమంటాడు? ఏమీ అనడు. ‘మీరు’ అంటాడు.

వసంతమ్మ తెడ్డు పక్కన పెట్టింది. పొగలు కక్కుతున్న సంగటిని ఉత్త చేత్తో తీసి ముద్ద కట్టింది. ఒకటి. రెండు. చెయ్యి నీళ్ళలో ముంచనైనా ముంచలేదు.

“కాలలేదా అత్తా?”

“నా సేతికి కాలేదేముండాది. కాయలు కాసిపోయినాయి.” ఆమె మూడో ముద్ద తిప్పుతూ, కోడలి వైపు చూడకుండా అంది: “నేనూ ఒకటి అనుకుంటా ఉండాను. నా కొడుకులు నాగలి పట్టినోళ్ళు. వాల్వు తిప్పేదానికి వాళ్ళ సేతికి గుడ్డ యాల?”

ముద్ద పళ్ళెంలో పడ్డ చప్పుడు.

మాధవీలత గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది. “అత్తా...”

“నేనేమీ అడగలేదు. నువ్వేమీ సెప్పొద్దు నాకు.” ముసలామె గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు. ఇంకేదో ఉంది. ఆమె ముద్దలు తప్ప ఏమీ చూడడం లేదు. “సెప్పాల్సినోళ్ళు వేరే ఉండారు. ఎంతమంది ఉండారో ఏమో.”

బయట జీపు హారను మోగింది.

*

వీధిలో ఇంజను ఆపకుండానే జీపు నిలబెట్టాడు డ్రైవరు. ఆదినారాయణ తన వాకిలి ముందు నిలబడి ఉన్నాడు, తడితల, తెల్లపంచె. చేతిలో చిన్న పొట్లం. అందులో ఉన్నది ఆ తువ్వాల చీలికేనని అందరికీ తెలుసు. అతని వెనక శాలిని. ఎదురు అరుగుల మీద ఇద్దరు ముగ్గురు ముందే చేరి, ఊరికే చేరినట్టు కూర్చున్నారు.

శ్రీనివాసులు గబగబా బయటికొచ్చాడు. వెనకే మాధవీలత, నీరజ.

“వారిని ముందు సీట్లో కూర్చోమనమ్మా” అన్నాడు ఆదినారాయణ శాలినితో, గాల్లోకి చూస్తూ.

“పెద్దవాళ్ళు వారే కూర్చోవల్ల ముందు” అన్నాడు శ్రీనివాసులు, ఇంకో గాల్లోకి.

ఈ మర్యాద ఇంకొంచెం సాగితే ఇద్దరూ వెనకే కూర్చునేట్టున్నారు. అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

శ్రీనివాసులు జీపు మెట్టు మీద కాలు పెట్టాడు.

“ఆగండి” అంది మాధవీలత.

అంత గట్టిగా ఆ వీధిలో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. అందరూ చూస్తున్నారు. భర్త మొహంలో ఒట్టి ఆశ్చర్యం. ఏదో మరిచిపోయాడేమో, అది తెచ్చిచ్చిందేమో అన్నట్టు చెయ్యి కూడా చాచాడు. ఆ చాచిన చెయ్యి నుంచి ఆమె చూపు తిప్పేసుకుంది.

పక్కనుంచి నీరజ పోయింది. చేతిలో ముగ్గుపిండి డబ్బా. పొద్దున ఎవరూ వాకిట్లో ముగ్గు వెయ్యలేదు. ఆ పిల్ల వంగి, రెండు వాకిళ్ళకూ నడుమ, జీపు ముందు చక్రం దాకా ఒక గీత గీసింది. గీత వంకర పోయింది. లేచి, తల్లిని గీతకు ఇటు నిలబెట్టింది.

“పెదనాయనా, నువ్వు ఆడ్నే నిలబడు. అమ్మ సెప్పేది ముగిసేదాకా మాట్లాడకూడదు. ముగిసినాక, విన్నది తిరిగి సెప్పల్ల. ఆ తర్వాతే నీ మాట.”

“ఏం ఆటలమ్మే ఇవి...” అన్నాడు శ్రీనివాసులు.

“ఆట కాదు చిన్నాయనా” అంది గోడ పక్కనుంచి శాలిని. తండ్రి వెనక్కి తిరిగి చూస్తే కూడా ఆ పిల్ల తగ్గలేదు.

షైనీ గుమ్మంలో నిలబడిపోయింది.

మాధవీలత గీత వైపు చూసింది. పిండి తెల్లగా ఉంది. అయిదడుగులు. బీఏలో చదివిన పాతభాష ఏదీ గుర్తుకు రాలేదు. కొత్త మాటలు కట్టడం కూడా చేతకాలేదు. ఉన్న మాటలతోనే మొదలుపెట్టింది.

“బావా. మీ వాల్వు తిప్పింది నేను.”

ఎవరో లేచిన చప్పుడు. నీరజ చెయ్యెత్తి ఆపింది.

“ఆయన గాదు. ఆయనకు తెలీదు. ఏప్రిల్‌లో మూడు దినాలు, మీ వంతుల్లో, మీరంతా అన్నాలకు పోయినప్పుడు పోయినాను. ఇనుము కాలతాందని తువ్వాల చీలిక సుట్టుకున్న్యా. మూడోనాడు అది ఆడ్నే చిక్కుకోనిండిపాయ. మీ తోట వాడేది గూడా సూసినాను. మా తోట వాడేది సూడలేక చేసినా. మీరు ఆయన్ని దొంగ అన్న్యారు. ఆయన ఇంటికొచ్చి నన్ను అడిగినారు. నేను మాట్లాడలేదు. దానికి కారణం ఏమీ లేదు. భయం, అంతే.” కొంగుతో మొహం తుడుచుకుంది. “అయిపోయింది. సెప్పినాను.”



శ్రీనివాసులు మెట్టు మీది కాలు దించాడు. ఆమె వైపు చూడలేదు. వంగి, గాలికి విప్పుకున్న పంచె మడతలో ఇస్త్రీ మచ్చ కనిపిస్తే, దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఆదినారాయణ నోరు తెరిచాడు. నీరజ అంది, “ముందు తిరిగి సెప్పు పెదనాయనా.”

తిట్టేస్తాడనుకున్నారు అరుగుల మీదివాళ్ళు. అతను పొట్లం ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“నా వాల్వు తిప్పింది నువ్వు” అన్నాడు, బడిపిల్లాడిలా తడుముకుంటూ. “సీనప్ప గాదు. సీనప్పకు తెలీదు.” ఆ పేరు నోటివెంట వచ్చాక ఒక క్షణం ఆగాడు. “మిట్టమధ్యాన్నం వచ్చినావు. గుడ్డ నీది. నేను వాణ్ణి... నేను వాణ్ణి ఊరంతా దొంగంటి. నువ్వు భయపడి మాట్లాడలేదు. మూడు దినాలు.”

“అంతే” అంది మాధవీలత.

“మూడేనా?”

“మూడే బావా. బిడ్డ మీద ఒట్టు.”

ఆదినారాయణ నుదురు ముడిపడింది. ఇప్పుడు అతని మాట వంతు. కానీ అతని మొహంలో కోపం కాదు, లెక్క కుదరని మనిషి అయోమయం.

“నువ్వు అబద్ధం సెప్పడంలేదమ్మా. సూస్తే తెలస్తాండాది. కానీ నాకు నీళ్ళు సన్నబడింది ఆరు వంతులు. గుడ్డ దొరికింది నీ మూడోనాడు గదా, నీ మూడిటికీ ముందే ఇంగా మూడు వంతులు పోయినాయి. అప్పుడు నేను పోయి సూసినా గదా. వాల్వు కాడ గుడ్డా లే, ఏమీ లే. ఉత్త సేత్తో తిప్పినారు ఎవురో.”

అందరి తలలూ ఒక్కసారి శ్రీనివాసులు వైపు తిరిగాయి.

“నన్నేమి సూస్తారు?” అన్నాడతను. గొంతు మొదటిసారి పగిలింది. “నేను ముట్టుకోలేదంటే ముట్టుకోలేదు! రండి, ఎక్కండి, ఇప్పుడే పోదాం కాణిపాకం!”

గుమ్మంలో పళ్ళెం కింద పెట్టిన చప్పుడయింది.

వసంతమ్మ షైనీని దాటుకుని మెట్లు దిగింది. చేతులకు అంటుకున్న సంగటి ఇంకా ఆవిర్లు వదులుతోంది. దాన్ని చీరకు తుడుచుకోలేదు. ఎవరి మొహమూ చూడకుండా నెమ్మదిగా నడిచి వచ్చి ముగ్గుపిండి గీత దగ్గర ఆగింది.

మాధవీలత ఆ అరచేతుల వైపు చూసింది. కాయలు కాసి, ఇనుములా నల్లబడి ఉన్నాయి.

“గీతకు ఇటన్నా, అటన్నా నిలబడల్ల అవ్వా” అంది నీరజ, సన్నగా.

ముసలామె రెండు వాకిళ్ళనూ మార్చి మార్చి చూసింది. పొద్దున కూడు తిన్న ఇల్లు ఒకటి. మాపటికి తినబోయే ఇల్లు ఒకటి.

“అదే తెలీలేదు పాపా. యా పక్క నిలబడల్ల నేను?”

జీపు డ్రైవరు ఇంజను ఆపేశాడు.